మలుపు దగ్గర వంగిన గీత

కప్‌సోరోక్ ఆడపిల్లల స్కూల్లో ఫిజిక్స్ చెప్పే చెమ్వెనో మాస్టారికి రెండు పిచ్చులు. ఒకటి పరుగు, రెండోది గ్రాఫులు. ఆ కొండమీద పరుగు పిచ్చి లేని మనిషి దొరకడమే కష్టం కాబట్టి మొదటిదాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. రెండోదానికి మాత్రం పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. భార్య టీ ఇస్తే అది చల్లారేదాకా తాగకుండా, ఎంతసేపటికి ఎంత చల్లారిందో గీత గీస్తూ కూర్చుంటాడని వాళ్ళే ఒక కథ పుట్టించారు. ఆ కథలో కొంత నిజం లేకపోలేదు.

ఆ ఏడు మూడో ఫారం పిల్లలకి చలనం పాఠం మొదలుపెట్టినప్పుడు పుస్తకం మూయించి అందరినీ మైదానంలోకి తీసుకుపోయాడు. గడ్డిమీద సున్నంతో గీసిన పరుగు బాట చుట్టూ వరసగా మేకులు పాతించాడు. ఒక్కో మేకు దగ్గర ఒక్కో పిల్లని నిలబెట్టి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చాడు.

"ఎవరు పరిగెడతారు?" అన్నాడు.

"జెముతాయి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. అడగాల్సిన మాటే కాదది. జెముతాయి అంటే సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ పిల్ల. లోయ అంచున ఉండే కోబిలో అనే ఆవిడ కూతురు. ఆ పిల్ల పరిగెడుతుంటే పాదం నేలకి తగులుతోందా లేదా అని సందేహం వచ్చేది. స్కూలు పేరు జిల్లాలో వినపడుతోందంటే ఆ పిల్ల వల్లే. ఫీజు లేకుండా చదువుతోందంటే ఆ పరుగు వల్లే.

పిల్లలు చెప్పిన అంకెలన్నీ తరగతిలో బోర్డుమీద చుక్కలుగా పెట్టి కలిపాడు మాస్టారు. గీత ఎడమ నుంచి కుడికి పైకి పాకింది. జెముతాయి పక్కన కూర్చునే చెలగట్ చెయ్యెత్తింది. ఆ పిల్లకి నోరు ఊరుకోదు.

"సార్, మన మైదానం చపాతీలా చదునుగా ఉంది. ఇదేమో కొండెక్కినట్టు గీశారు. ఏ కొండ సార్ అది?"

తరగతంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వాడు. ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అది, ఎవరూ అడక్కపోతే తనే అడిగేవాడు.

"ఇది దారి బొమ్మ కాదే తల్లీ. కింద అడ్డంగా కాలం పోతోంది, నిలువుగా దూరం పెరుగుతోంది. గీత ఎంత నిటారుగా లేస్తే అంత వేగం. నువ్వు పాలకని వంటింటికి బయల్దేరి, మధ్యలో వంటవాడితో కబుర్లేసుకున్నావనుకో. ఆ కబుర్లసేపూ దూరం పెరగదు, గీత చాప పరిచినట్టు పడుకుంటుంది."

"అయితే దాని గీత ఎప్పుడూ పడుకునే ఉంటుంది సార్," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నవ్వులు ఆగాక ఆయన పక్కనే ఇంకో గ్రాఫు గీశాడు. ఈసారి నిలువుగా దూరం కాదు, వేగం. గీత కాస్త దూరం ఎగబాకి, తర్వాత అడ్డంగా సాగింది.

జెముతాయి చాలాసేపు దానికేసి చూసి, తలని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఆ గీతని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతుక్కుంది. అప్పుడా తల తిప్పడం ఎవరూ గమనించలేదు.

"సార్, ఇందులో గీత పడుకుంది. కానీ నేను ఆగలేదు. పరిగెడుతూనే ఉన్నాను, ఒకే వేగంతో. అంతేనా?"

"అంతే!" మాస్టారి మొహం వెలిగిపోయింది. "మరి ఇక్కడ, మొదట్లో ఎగబాకిన చోట?"

"వేగం మారుతోంది."

"ఆ మార్పే త్వరణం. గీత కిందికి వంగితే?"

"వెనక్కి పరిగెత్తినట్టు!" అంది చెలగట్.

"కాదు," అంది జెముతాయి మెల్లగా. "ముందుకే పోతున్నాను. కాకపోతే తగ్గుతోంది."

ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాడు. ఒక పిల్ల తన ఒంటితో పరిగెత్తి, ఆ పరుగునే బోర్డుమీద చదువుకోవడం ఆయన అదే మొదటిసారి చూడటం. ఆ రోజునుంచి ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం.

జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. బడి వదిలాక సాయంత్రాలు మిగతా పిల్లలతో కలిపి ఆమె చేత పరిగెత్తించి, ఆ పరుగుల గ్రాఫులు కూడా గీయడం మొదలుపెట్టాడు. నాలుగైదు గీశాక ఒక సంగతి కంటపడింది. అవతలి మలుపు దగ్గర, సరివి చెట్ల కింద, ప్రతిసారీ గీత వంగుతోంది. మలుపు దాటగానే మళ్ళీ లేస్తోంది. తరగతి కోసం పొద్దున పరిగెత్తిన నాటి గీతలో ఆ వంపు లేదు.

ఒక సాయంత్రం ఆమెని కూర్చోబెట్టి కాగితం చూపించాడు.

"ఇక్కడేమవుతోంది నీకు?"

జెముతాయి కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఏం లేదు సార్. కాళ్ళు బరువెక్కుతాయి."

"కాళ్ళు బరువెక్కితే మలుపు దాటాక మళ్ళీ ఎలా లేస్తుంది? అలసట కాదిది, భయం. మలుపులో పక్కవాళ్ళు మీదకొస్తారని ముందే తగ్గిపోతున్నావు. పాఠం నాటి పొద్దున ఒక్కదానివే పరిగెత్తావు కాబట్టి ఆ భయం లేదు. అవునా?"

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం ఒప్పుకోవడమే అనుకున్నాడాయన.

"పందెం అంతా నువ్వు ఇక్కడే పారబోసుకుంటున్నావు. అందరూ నెమ్మదించే చోట నువ్వు వేగం పెంచు. మలుపులోకి దిగుతూనే పెంచు. నామాట విను."

"సరే సార్," అంది జెముతాయి.

పోటీలు ఆ ఏడు స్కూలు మైదానంలోనే పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం వడగళ్ళ వాన పడి పందేలన్నీ వెనక్కి జరిగాయి. పెద్దమ్మాయిల పదిహేను వందల మీటర్ల పందెం వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆ మైదానానికి దీపాల్లేవు. రేపటికి వాయిదా వేద్దామని ఒకరూ, బస్సులు వెళ్ళిపోతాయి కానిచ్చేద్దామని ఒకరూ అనుకుని, చివరికి తుపాకి పేల్చారు.

జెముతాయి మొదటి చుట్లలో రెండో స్థానంలో నిలకడగా పరిగెత్తింది. మాస్టారు గడ్డిమీద నిలబడి పిడికిళ్ళు బిగించాడు. ఆఖరి చుట్టులో అవతలి మలుపు వచ్చింది. ఆమె వేగం పెంచింది. ఆ మసకలో కూడా ఆయనకది స్పష్టంగా తెలిసింది, ముందున్న పిల్లని దాటేసింది. ఆయన ఎగిరి అరిచాడు.

అంతకుముందు జరిగిన పందెంలో పిల్లలు దూకి దాటిన చెక్క అడ్డుకర్రని మలుపు లోపలి అంచుకి తోసి వదిలేశారు. దాని కొస బాటమీదకి వచ్చి ఉంది. ప్రతి చుట్టులోనూ పిల్లలందరూ దాన్ని చూసి కాస్త పక్కకి జరిగే పరిగెత్తారు. జెముతాయి కూడా ముందున్న పిల్ల వెనకే పోయింది కాబట్టి తెలియకుండానే తప్పుకుంది. ఇప్పుడు ముందు ఎవరూ లేరు. ఏమాత్రం తగ్గకుండా నేరుగా వెళ్ళి దానికి గుద్దుకుంది.

ఆ చప్పుడు మైదానం ఇవతలికి వినపడింది.

ఎల్డొరెట్ పట్నం ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టారు. ఎముక అతుకుతుందన్నారు. కానీ అంత పెద్ద కర్ర ఎలా కనపడలేదని అడిగిన కుర్ర డాక్టరొకడు ఆమె కళ్ళలోకి దీపం వేసి చూసి, కంటి డాక్టరుని పిలుచుకొచ్చాడు. ఆవిడ గది చీకటి చేయించి చాలాసేపు పరీక్ష చేసింది. బయటికి వచ్చి తల్లి కోబిలోనీ, మాస్టారినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. వెలుగు తగ్గితే ఈ పిల్లకి ఏమీ కనపడదు. పగలు కూడా గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యనే కనపడుతుంది, పక్కలు పోయాయి. ఇది పుట్టుకతో రక్తంలో వచ్చిన జబ్బు. ఆ నడిమి చూపు కూడా నిలవదు. మందు లేదు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందామ్మా?"

కోబిలో లేదని తలూపబోయి ఆగిపోయింది. భుజంమీద కప్పుకున్న కంగా గుడ్డని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"దాని నాన్న," అంది. "లోయ దారిలో పడి పోయాడు. పొద్దుగూకే వేళ. తాగి పడ్డాడన్నారు అందరూ. తాగేవాడు, లేదని చెప్పను. శవం ఇంటికొస్తే నేనే తిట్టాను, తాగుబోతా, పిల్లని దిక్కులేనిదాన్ని చేశావని." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "ఆ రోజు తాగలేదేమో మాస్టారూ. కనపడలేదేమో."

ఆయన లేచాడు. వార్డులో మంచం పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

జెముతాయి పైకప్పుకేసి చూస్తూ పడుకుని ఉంది. "తెలుసు సార్. నాన్నకీ తెలుసు. సాయంత్రం సంతనుంచి వస్తుంటే నా భుజంమీద చెయ్యేసి నడిచేవాడు. అమ్మకి చెప్పొద్దనేవాడు, ఆవుల్ని కాయలేని మగవాణ్ణంటుందని. నాకూ మొదలైందని తెలిశాక ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు. చెబితే పరుగు మాన్పిస్తారు. పరుగు మానేస్తే స్కూలుండదు."

"మలుపులో చెట్ల నీడ..."

"అక్కడ ఒట్టి నలుపు సార్. కాళ్ళతో తడుముకుంటూ పోయేదాన్ని."

"నేనే తప్పు చదివాను ఆ గీతని."

"గీతలో తప్పు లేదు సార్," అంది జెముతాయి. ఓదార్చడానికి అన్న మాట కాదది, పాఠం అప్పజెప్పినట్టు అంది. "అక్కడ నేను తగ్గాను. అది నిజమే. ఎందుకు తగ్గానో దానికేం తెలుసు? మీరు అడిగారు. నేను చెప్పలేదు."

తిట్టి ఉంటే ఆయనకి కొంచెం తేలికగా ఉండేది.

కాలు అతికేదాకా ఆమె ఇంట్లోనే ఉంది. ప్రతి శనివారం మాస్టారు పుస్తకాలు పట్టుకుని వచ్చేవాడు. మొదటి రెండు వారాలు ఆమె చదవగలిగింది. తర్వాత అక్షరాలు దాక్కుంటున్నాయంది. అప్పుడాయన వడ్రంగి చేత ఒక పలక చేయించుకొచ్చాడు. అడ్డంగా ఒక బద్ద, నిలువుగా ఒక బద్ద. మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ మేకు గుచ్చి, మేకుల మీదుగా పురికొస లాగి కడితే గ్రాఫు.

జెముతాయి ఆవరణలో స్టూలుమీద కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని, పురికొస మీద వేలు నడిపించేది.

"ఇది నడక. ఇక్కడ ఆగాడు. ఇక్కడినుంచి పరుగు. బస్సు తప్పిపోతోందా సార్ వాడికి?"

"వాడు కాదు, చెలగట్ అనుకో."

"అయితే బస్సు పోయినట్టే."

వేగం గ్రాఫు కట్టి ఇస్తే, పురికొసకీ కింది బద్దకీ మధ్య జాగామీద అరచెయ్యి ఆనించమన్నాడు. "నీ చేతి కిందున్నదంతా వాడు పోయిన దూరం." ఆమె అరచెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు నవ్వుతూ కూర్చుంది. బోర్డుమీద చూసినప్పుడు ఇది తెలియలేదు సార్, అంది. లోపల్నుంచి కోబిలో గుండచెంబు తెచ్చి ఇద్దరికీ పులియబెట్టిన పాలు పోసింది. ఆ కాసేపూ ఆ ఇంట్లో ఏ కష్టమూ లేనట్టే ఉంది.

వానలు ముదిరిన ఒక శనివారం ఆయన వెళ్ళేసరికి జెముతాయి ఎదురు చూస్తోంది. ముందురోజే తల్లీ, ఆయనా కలిసి ఆమెని ఎల్డొరెట్ కంటి డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళి తెచ్చారు.

"సార్, డాక్టరు నా చూపు ఎంత వెడల్పుందో ప్రతిసారీ కొలిచి చెబుతోంది కదా. ఆ అంకెలు మీకు గుర్తున్నాయి. ఇవాళ అవి కట్టండి."

"వద్దమ్మా."

"ఎందుకు?"

"అది పాఠం కాదు."

"టీ చల్లారడం పాఠం, నేను పరిగెత్తడం పాఠం. ఇదెందుకు కాదు?" ఆమె గొంతు పెరిగింది. "అందరూ నా ఎదుట ఒకటి, లోపలికెళ్ళి ఒకటి మాట్లాడుకుంటున్నారు. నాకు చదవడం నేర్పింది మీరే. నన్ను చదవనివ్వండి."

కోబిలో వంటింటి గడపలో నిలబడిపోయింది. మాస్టారు ఆమె వైపు చూశాడు. ఆమె వద్దనలేదు, సరే అనలేదు. ఆయన ఒక్కొక్కటిగా మేకులు గుచ్చాడు. పురికొస లాగి కట్టి, పలక జెముతాయి ఒళ్ళో పెట్టాడు.

వేలు ఎడమ చివర మొదలైంది. మొదట్లో పురికొస కొంచెంగా దిగింది. తర్వాత ఇంకొంచెం. ఆఖరి మేకు దగ్గరికి వచ్చేసరికి గోడమీంచి దూకినట్టు దిగింది. ఆమె వేలు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ మొదటినుంచి నడిపించింది.

"పోవడమే కాదు, పోయే వేగం కూడా పెరుగుతోంది," అంది. "త్వరణం ఉంది."

రేకుమీద వాన చినుకులు మొదలయ్యాయి.

ఆమె వేలు ఆఖరి మేకు దాటి, పురికొస లేని ఉత్త చెక్కమీద అదే వాలున జారి, కింది బద్దకి తగిలి ఆగింది. "ఇక్కడ. పరీక్షలకి ముందే."

"అలా చెప్పలేం జెముతాయీ. ఇన్ని తక్కువ మేకులతో ముందేం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. తప్పు."

"మలుపులో నేను భయపడుతున్నానని చెప్పడానికి సరిపోయాయి కదా సార్."

అనేసింది. అన్న మరుక్షణం చేత్తో గాల్లో వెతికి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "సార్, ఊరికే అన్నాను. సార్." ఆయన ఏడుస్తున్నాడని చప్పుడుని బట్టే కనిపెట్టింది. వంటింటి గడపలోంచి కోబిలో వచ్చి కూతురి తల పొట్టకి ఆనించుకుంది. పదహారేళ్ళ పిల్ల, ఆసుపత్రిలో కూడా ఏడవనిది, అప్పుడు చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

పరీక్షలకి ముందే చూపు పోయింది. వెలుగు, చీకటి మాత్రం తెలిసేవి. కొండ దిగి చాలా దూరం పోతే గుడ్డిపిల్లల స్కూలొకటి ఉంది. కప్‌సోరోక్ పెద్దమ్మ, అంటే హెడ్‌మిస్ట్రెస్, తనే వెంట వెళ్ళి చేర్చి వచ్చింది. చెలగట్ తన దుప్పటి ఇచ్చి పంపింది. బయల్దేరేటప్పుడు ఎవరి నోటా జోకు రాలేదు, చెలగట్ నోటా కూడా.

ఆ స్కూల్లో ఫిజిక్స్ చెప్పడానికి వేరే మనిషి లేడు. లెక్కలు చెప్పే నెకేసా అనే టీచరే అదీ చెప్పేది. మంచి మనిషి. మాస్టారు పలక పంపిస్తే సంతోషంగా తీసుకుని జెముతాయికి ఇచ్చింది. ఏడాది చివర మాస్టారు చూడటానికి వెళ్ళినప్పుడు ఎదురొచ్చి మరీ చెప్పింది.

"మీ పిల్లకి ఫిజిక్స్‌లో నూటికి నూరు వచ్చాయి మాస్టారూ!"

"చలనం గ్రాఫు వచ్చిందా పరీక్షలో?" ఆయన ఆత్రంగా అడిగాడు.

"వచ్చింది కానీ మా పిల్లలకి అది తీసేస్తాం. పాపం, చూపు లేనివాళ్ళని గ్రాఫు చదవమంటే ఎలా? దానికి బదులు వేగం అంటే ఏమిటి, త్వరణం అంటే ఏమిటి అని నిర్వచనాలు రాయమన్నాం. చక్కగా రాసింది."

ఆమె దయతో చేసిన పని అది. ఆయన తలూపి, జెముతాయి ఎక్కడుందని అడిగాడు.

జెముతాయి వరండాలో కూర్చుని ఉంది. కొంచెం ఒళ్ళు చేసింది, జుట్టు కత్తిరించుకుంది. ఆయన అడుగుల చప్పుడుకే లేచి నిలబడింది.

"నూటికి నూరట," అన్నాడు.

"నన్ను అడగలేదు సార్," అంది. "నాకు వచ్చినది అడగలేదు. పక్కగదిలో టీచర్లు చూపున్న పిల్లల పేపరు గట్టిగా చదువుతుంటే విన్నాను. ఒక బస్సు, మూడు చోట్ల ఆగడం, చివర బ్రేకు. అంత తేలిక ప్రశ్న! పలక ఇవ్వండి, కట్టి చూపిస్తాను అన్నాను. టైమైపోతుంది, నీకెందుకమ్మా ఆ కష్టం అన్నారు."

"నేను మాట్లాడతాను టీచరుతో."

"మాట్లాడండి. కానీ వచ్చే ఏడు నాకు ఫిజిక్స్ లేదు. చరిత్ర, కిస్వాహిలి భాష తీసుకోమన్నారు. పై తరగతికి ఫిజిక్స్ చెప్పే టీచరు లేరు కదా. సరే అన్నాను."

ఆ 'సరే' ఆయనకి ఆ సాయంత్రం కాగితం ముందు విన్న 'సరే సార్' లాగే ఉంది. కాసేపు ఊరి సంగతులు చెప్పాడు. ఇంట్లో ఆవు ఈనిందని, చెలగట్ ఈసారి క్లాసులో రెండోదిగా వచ్చిందని. జెముతాయి నవ్వింది. గేటుదాకా సాగనంపుతానని లేచింది. వరండానుంచి గేటుదాకా కట్టిన తాడు పట్టుకుని ఆయనకంటే చురుగ్గా నడిచింది.

"ఈ ఏడు జిల్లా పోటీలకి ఎవరు వెళ్తున్నారు సార్?"

"తెలీదు. నేను పరుగు నేర్పడం మానేశాను."

ఆమె నడక ఆగింది. "ఎప్పుడు?"

"నువ్వు పడ్డప్పటినుంచే."

"ఎందుకు మానేశారు?" ఆ గొంతులో జాలి లేదు, కోపమే ఉంది. "నేను పడ్డానని ఆ మైదానంలో ఇంకెవరూ పరిగెత్తకూడదా? ఆ చిన్నపిల్లలకి ఎవరు చెబుతారు సార్, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో? నేను చేసినదంతా మీరు అలా తుడిచేస్తే ఎలా?"

ఎవరినీ మలుపులోకి తోయకూడదని ఒట్టు పెట్టుకున్నాననీ, సాయంత్రం పూట ఆ మైదానం వైపే చూడలేకపోతున్నాననీ ఈ పిల్లతో ఎలా చెబుతాడు?

"మటాటు వస్తోంది," అంది జెముతాయి. ఆయనకింకా ఏ బండీ కనపడలేదు. కాసేపటికి రోడ్డు చివర తెల్లటి వ్యాను తిరిగింది.

"వెళ్ళండి సార్. తర్వాతది చీకటి పడ్డాక గానీ రాదు."

ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె అప్పటికే వెనుదిరిగి తాడు పట్టుకుని నడుస్తోంది, ఒకే వేగంతో. కండక్టరు తలుపు లాగి రేకుమీద రెండు దెబ్బలు వేశాడు.